మరమ్మతు లేని కిరాయి ఇల్లు: పరిగి ప్రాంతంలో కిరాయిదారు హక్కులు

కిరాయికి ఉంటున్న ఇల్లు కురిసినా, గోడలు చెమ్మపట్టినా, స్లాబు పెచ్చులు ఊడుతున్నా, కరెంటు తీగలు బయటపడినా బాగుచేయించమని యజమానిని అడిగే హక్కు కిరాయిదారుకు ఉంది. యజమాని వినకపోతే చట్టం ద్వారా ఉపశమనం పొందే దారులూ ఉన్నాయి. వికారాబాద్ జిల్లాలోని పరిగి, వికారాబాద్, తాండూరు, కొడంగల్ పట్టణాల్లో ఈ హక్కులకు ప్రధాన ఆధారం రెండు చట్టాలు. ఒకటి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. రెండోది 1960 నాటి తెలంగాణ భవనాల (లీజు, కిరాయి, ఖాళీ చేయించడం) నియంత్రణ చట్టం. రెండింటిలోనూ కిరాయిదారుకు రక్షణ ఉంది. అయితే రాసుకున్న ఒప్పందం, రాసి ఇచ్చిన నోటీసు, క్రమం తప్పని కిరాయి అనే మూడూ ఉన్నవారికే ఆ రక్షణ చేతికందుతుంది.

ప్రాంతం, ఇళ్ల తీరు

2016 అక్టోబరు 11న ప్రధానంగా పాత రంగారెడ్డి జిల్లాను విడదీసి వికారాబాద్ జిల్లాను ఏర్పాటు చేశారు. హైదరాబాద్–బీజాపూర్ రహదారి మీదున్న పరిగి చాలాకాలం గ్రామ పంచాయతీగా ఉండి 2018లో మున్సిపాలిటీ అయింది. ఆర్టీసీ డిపో, కోర్టు, మండల కార్యాలయాలు, బడులు, కాలేజీల్లో పనిచేసేవారు, చుట్టుపక్కల పల్లెల నుంచి పిల్లల చదువు కోసం వచ్చిన కుటుంబాలు, దినకూలీలు ఇక్కడ కిరాయికి ఉంటారు. జిల్లా కేంద్రమైన వికారాబాద్‌లో ఉద్యోగులు, రైల్వే సిబ్బంది ఎక్కువ. తాండూరులో నాపరాయి గనులు, పాలిషింగ్ యూనిట్లు, పప్పు మిల్లులు, సిమెంటు ఫ్యాక్టరీల కార్మికులు కిరాయి గదుల్లో ఉంటున్నారు. వీరిలో బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవారూ ఉన్నారు.

ఈ ప్రాంతంలో కిరాయికి దొరికే ఇళ్లు ముఖ్యంగా మూడు రకాలు. మొదటివి మట్టి, రాతి గోడల మీద దూలాలు పరిచి కట్టిన పాత మిద్దెలు, పెంకుటిళ్లు. వానాకాలానికి ముందు మిద్దె మీద మట్టి సరిచేసి, పగుళ్లు పూడ్చకపోతే నీళ్లు గోడలోకి దిగుతాయి, దూలాలకు చెద పడుతుంది. సొంత మనుషులు ఉన్నప్పుడు ఏటా జరిగే ఈ పని, ఇల్లు కిరాయికి పోయాక చాలాచోట్ల ఆగిపోతుంది. రెండోవి వరసగా కట్టి ఒక్కో కుటుంబానికి ఒక్కో గది ఇచ్చే రేకుల ఇళ్లు. మేకుల దగ్గర కారడం, గాలికి రేకు లేవడం, ఎండాకాలం లోపల ఉండలేకపోవడం వీటి బాధలు. అన్ని గదులకూ కలిపి ఒకటే మరుగుదొడ్డి ఉండటం మరో బాధ. మూడోవి స్లాబు ఇళ్లు.

స్లాబు ఎందుకు పెచ్చులూడుతుందో కిరాయిదారు తెలుసుకోవడం మంచిది. పైన నీళ్లు నిలిచినప్పుడు సన్నని పగుళ్ల గుండా తేమ లోపలి ఇనుప కడ్డీలను చేరుతుంది. కడ్డీ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అడుగున ఉన్న కాంక్రీటును బయటికి నెడుతుంది. ముందు పైకప్పు మీద గోధుమరంగు మరకలు వస్తాయి. తర్వాత కడ్డీ పొడవునా సన్నని పగులు కనిపిస్తుంది, తట్టి చూస్తే డొల్ల మోత వస్తుంది. చివరికి పెచ్చు ఊడి కింద పడుతుంది. మరక కనిపించినప్పుడే పైన నీటి నిలవ తీసి, వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తే తక్కువ ఖర్చుతో పోతుంది. కడ్డీలు బయటపడ్డాక కిందినుంచి ఉత్త సిమెంటు పూత వేయడం వల్ల తుప్పు ఆగదు.

నేల కూడా ఒక కారణమే. తాండూరు వైపు పొలాలకు పేరు తెచ్చిన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. లోతు తక్కువ పునాదుల మీద లేపిన గోడలు ఈ కదలికకు వాలుగా పగులుతాయి. ఇటువంటి పగులు కిరాయిదారు వాడకం వల్ల వచ్చింది కాదు, కట్టడంలోని లోపం. మరమ్మతు ఎవరిదన్న వివాదం వచ్చినప్పుడు ఈ తేడాయే కీలకమవుతుంది.

చట్టాల నేపథ్యం

హైదరాబాద్ రాష్ట్రంలో 1954లో ఇళ్ల కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1949 నాటి మద్రాసు చట్టం అమల్లో ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆ రెండింటి స్థానంలో 1960 చట్టం తెచ్చారు. తెలంగాణ ఏర్పడిన తర్వాత పేరు మార్పుతో అదే చట్టం ఇక్కడ కొనసాగుతోంది.

1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలకు ఆ చట్టం మొదట్లో మినహాయింపు ఇచ్చింది. కొత్త ఇళ్లు కట్టేవారిని ప్రోత్సహించడానికి తాత్కాలికంగా పెట్టిన ఈ నిబంధన పాతికేళ్లు అలాగే ఉండిపోయింది. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపు సమానత్వ హక్కుకు విరుద్ధమని కొట్టేసింది. ఒకే వీధిలో పక్కపక్కన ఉన్న రెండు ఇళ్ల కిరాయిదారుల్లో ఒకరికి రక్షణ ఉండి, కట్టిన తేదీ కారణంగా మరొకరికి శాశ్వతంగా లేకపోవడం చెల్లదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తర్వాత ప్రభుత్వం కొత్త భవనాలకు పరిమిత కాలం, ఎక్కువ కిరాయి ఉన్నవాటికి పూర్తిగా మినహాయింపులు ఇచ్చింది. వాటిని 2005 సవరణ మళ్లీ మార్చింది.

ఏ ఇంటికి ఏ చట్టం

1960 చట్టం మున్సిపాలిటీలకు వర్తిస్తుంది. పరిగి మున్సిపాలిటీ కావడంతో ఈ చట్టం పరిధిలోకి వచ్చింది. చుట్టుపక్కల గ్రామ పంచాయతీల్లోని ఇళ్లకు ఆస్తి బదిలీ చట్టమే ఆధారం.

మున్సిపాలిటీలోని ఇళ్లన్నీ కూడా దీని కిందికి రావు. ప్రభుత్వ భవనాలకు ఇది వర్తించదు. కొత్తగా కట్టిన, లేదా పెద్దఎత్తున బాగుచేసిన భవనాలకు 15 ఏళ్ల మినహాయింపు ఉంది. 2005 సవరణ ప్రకారం మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన కిరాయి ఉన్న భవనాలు చట్టం బయట ఉంటాయి. పరిగి, వికారాబాద్, తాండూరు మున్సిపాలిటీలే కాబట్టి ఇక్కడ చూడాల్సింది 2,000 పరిమితి. అప్పటి ధరలకు పెట్టిన ఈ పరిమితి వల్ల ఇవాళ కిరాయి ఇళ్లలో పెద్ద భాగం కిరాయి నియంత్రణ రక్షణకు దూరమైంది. రేకుల గది, పాత పెంకుటిల్లు వంటివి ఇంకా చట్టం కింద మిగిలి ఉండవచ్చు. తన ఇల్లు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోవడం కిరాయిదారు వేయాల్సిన మొదటి అడుగు. దీన్నిబట్టే వెళ్లాల్సిన చోటు, చేయాల్సిన పని మారతాయి.

యజమాని బాధ్యతలు

ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ యజమాని, కిరాయిదారుల హక్కులను, బాధ్యతలను వరసగా చెబుతుంది. వేరే ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు ఇవి వర్తిస్తాయి. యజమానికి తెలిసి, కిరాయిదారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం ఇంట్లో ఉంటే ముందే చెప్పాలి. సెప్టిక్ ట్యాంకు పొంగుతుందని, వానాకాలంలో వెనుక గదిలోకి నీళ్లు వస్తాయని తెలిసి దాచి, రంగులు వేసి కిరాయికివ్వడం ఈ బాధ్యతను తప్పడమే. కిరాయి కడుతూ షరతులు పాటిస్తున్నంతకాలం కిరాయిదారు ఇంట్లో అడ్డంకి లేకుండా ఉండగలగాలి.

మరమ్మతులకు సంబంధించి కీలకమైనది ఇదే సెక్షన్‌లోని ఎఫ్ క్లాజు. యజమాని చేయించాల్సిన మరమ్మతును నోటీసు అందాక తగిన సమయంలో చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా కిరాయిలో మినహాయించుకోవచ్చు, లేదా వేరేగా వసూలు చేసుకోవచ్చు. యజమాని కట్టాల్సిన పన్ను కట్టకపోతే కిరాయిదారు కట్టి అలాగే మినహాయించుకునే వీలును జీ క్లాజు ఇస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. ఇంటిని నివాసయోగ్యంగా ఉంచాల్సిన సాధారణ బాధ్యత యజమానిదేనని ఈ చట్టం ఎక్కడా సూటిగా చెప్పలేదు. ఎఫ్ క్లాజు వర్తించేది యజమాని ‘చేయించాల్సిన’ మరమ్మతులకే. ఆ బాధ్యత ఒప్పందం నుంచో, ఆచారం నుంచో, మరో చట్టం నుంచో రావాలి. అందుకే నోటిమాట మీద ఇల్లు తీసుకున్న కిరాయిదారు కోర్టులో బలహీనపడతాడు. “స్లాబు, గోడలు, పైపులు, వైరింగు మరమ్మతులు యజమానివి” అని ఒక్క వాక్యం రాసుకున్నవారికి ఇదే క్లాజు బలమైన ఆసరా అవుతుంది.

1960 చట్టం కింద ఉన్న ఇళ్లకు ఇంకొంత రక్షణ ఉంది. నోటీసు ఇచ్చాక తగిన గడువులో యజమాని అవసరమైన మరమ్మతు చేయించకపోతే కిరాయిదారు కిరాయి వివాదాలు వినే అధికారి అయిన రెంట్ కంట్రోలర్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కిరాయిదారే పని చేయించుకుని ఖర్చును కిరాయిలో తీసుకునేలా కంట్రోలర్ ఆదేశించవచ్చు. న్యాయమైన కిరాయిని నిర్ణయించమని అడిగే హక్కు, అలా నిర్ణయించాక ఇంటి వసతులు తగ్గితే కిరాయి తగ్గించమని అడిగే హక్కు కూడా ఈ చట్టంలో ఉన్నాయి.

కిరాయిదారు బాధ్యతలు

ఇల్లు అప్పగించినప్పుడు ఎలా ఉందో అలాగే చూసుకోవడం కిరాయిదారు బాధ్యత. మామూలు వాడకంతో వచ్చే అరుగుదల, ఎవరూ ఆపలేని విపత్తుల నష్టం దీనికి మినహాయింపు. గచ్చు అరగడం, సున్నం వెలిసిపోవడం అరుగుదల కిందికి వస్తాయి. గోడకు మేకులు కొట్టి పగలగొట్టడం, మోరీలో చెత్త వేసి పైపు మూసుకుపోయేలా చేయడం రావు. తన తప్పు వల్ల కలిగిన లోపాన్ని నోటీసు అందిన 3 నెలల్లో కిరాయిదారు సరిచేయాలి. తగిన వేళల్లో యజమాని వచ్చి ఇల్లు చూసుకోనివ్వాలి. యజమాని అనుమతి లేకుండా శాశ్వత కట్టడాలు చేయకూడదు. భవనం విలువను, ఉపయోగాన్ని గణనీయంగా దెబ్బతీసే పనులు చేస్తే 1960 చట్టం కింద అదే ఖాళీ చేయించడానికి కారణమవుతుంది.

మరమ్మతు కోరే క్రమం

మొదట లోపాన్ని నమోదు చేయాలి. వాన పడుతున్నప్పుడే తేదీ కనిపించేలా ఫొటోలు, వీడియో తీయాలి. ఒక మేస్త్రీతోనో ఎలక్ట్రీషియన్‌తోనో చూపించి, చేయాల్సిన పనిని, అయ్యే ఖర్చును కాగితం మీద రాయించుకోవాలి. తర్వాత యజమానికి రాతపూర్వకంగా తెలపాలి. ముందు మర్యాదగా మాట్లాడటం మన పద్ధతి. ఆ మాటల తర్వాత కూడా కాగితం తప్పనిసరి. చేతికిస్తే ప్రతి మీద సంతకం తీసుకోవాలి, లేదంటే అందినట్టు రుజువు దొరికే పోస్టులో పంపాలి. వాట్సాప్ సందేశాలను కూడా 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం ఎలక్ట్రానిక్ సాక్ష్యంగా ఒప్పుకుంటుంది. వాటికి 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాల్సి ఉంటుంది కాబట్టి ఫోన్ మార్చినా సందేశాలు పోకుండా చూసుకోవాలి.

నోటీసుకు న్యాయభాష అక్కర్లేదు. ఒక నమూనా ఇలా ఉంటుంది:

“ఇంటి యజమాని గారికి నమస్కారం. మీ ఇంటి కింది వాటాలో నేను కిరాయికి ఉంటున్నాను. వెనుక గది స్లాబు రెండు చోట్ల కురుస్తోంది. వంటగదిలో పెచ్చులు ఊడి కడ్డీలు కనిపిస్తున్నాయి. మన ఒప్పందం ఐదో షరతు ప్రకారం ఈ మరమ్మతు మీరు చేయించాలి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో పని మొదలుపెట్టించగలరు. ఫొటోలు, మేస్త్రీ వేసిన అంచనా జతచేశాను. ఈ నెల వరకు కిరాయి చెల్లించాను. గడువులోగా పని మొదలుకాకపోతే చట్టప్రకారం నాకున్న మార్గాలను ఆశ్రయిస్తాను.”

లోపం ఎక్కడుంది, బాధ్యత ఏ షరతు కింద వస్తుంది, గడువు ఎంత, కిరాయి బాకీ ఉందా లేదా అన్న నాలుగు సంగతులూ ఇందులో ఉన్నాయి. గడువు దాటాక 1960 చట్టం కింది ఇల్లయితే రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లాలి. జిల్లా పట్టణాల్లో సాధారణంగా జూనియర్ సివిల్ జడ్జే రెంట్ కంట్రోలర్‌గా వ్యవహరిస్తారు. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లో అప్పీలు, ఆపైన హైకోర్టులో రివిజన్ ఉంటాయి. చట్టం బయటి ఇల్లయితే ఒప్పందంలోని షరతు ఆధారంగా ఎఫ్ క్లాజును వాడుకోవచ్చు, లేదా సివిల్ కోర్టులో దావా వేయవచ్చు. సొంతంగా పని చేయించేవారు కనీసం ఇద్దరు మేస్త్రీల అంచనాలు, సామాను బిల్లులు, కూలి రసీదులు, పనికి ముందూ తర్వాతా ఫొటోలు దాచుకోవాలి.

కిరాయి ఆపడం వల్ల వచ్చే ముప్పు

“ముందు ఇల్లు బాగుచేయించు, తర్వాతే కిరాయి” అని చెల్లింపు ఆపేయడం కిరాయిదారులు ఎక్కువగా చేసే పని, ఎక్కువగా నష్టపోయే పని కూడా. 1960 చట్టం 10వ సెక్షన్ ప్రకారం బుద్ధిపూర్వకంగా కిరాయి ఎగవేయడం ఖాళీ చేయించడానికి తగిన కారణం. ఇల్లు కురవడం ఎంత నిజమైనా, అనుమతి లేకుండా మొత్తం కిరాయి ఆపితే వివాదం ఇంటి లోపం నుంచి కిరాయిదారు తప్పు మీదికి మళ్లుతుంది. చట్టబద్ధంగా చేయించిన మరమ్మతు ఖర్చును లెక్క చూపి మినహాయించుకోవడం వేరు, కోపంతో కిరాయి ఆపడం వేరు.

నోటీసు అందాక కొందరు యజమానులు కిరాయి తీసుకోవడానికే నిరాకరిస్తారు. బాకీ చూపించి ఖాళీ చేయించడం దీని ఉద్దేశం. దీనికి 1960 చట్టం 8వ సెక్షన్‌లో విరుగుడు ఉంది. చెల్లించిన ప్రతి కిరాయికీ రసీదు పొందడం కిరాయిదారు హక్కు. యజమాని తీసుకోనంటే, 10 రోజుల్లో ఏదైనా బ్యాంకు పేరు చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. చెప్పకపోతే మనియార్డరు చేయాలి. అదీ తిప్పికొడితే కంట్రోలర్ దగ్గర జమ చేయవచ్చు. చట్టం బయటి ఇళ్లవారు నగదు మానేసి బ్యాంకు ద్వారా, ఫోన్ ద్వారా పంపితే చెల్లింపుకు రుజువు మిగులుతుంది.

నీళ్లు, కరెంటు

మరమ్మతు అడిగినందుకు మోటరు ఆపడం, కరెంటు తీయించడం, మరుగుదొడ్డికి తాళం వేయడం చట్టవిరుద్ధం. కిరాయిదారు అనుభవిస్తున్న వసతులను తగిన కారణం లేకుండా యజమాని ఆపకూడదని 1960 చట్టం చెబుతుంది. ఆపితే కంట్రోలర్‌కు దరఖాస్తు చేసి తిరిగి ఇప్పించుకోవచ్చు. 2003 నాటి విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం కనెక్షన్ కోరే హక్కు భవనం యజమానితో పాటు అందులో ఉంటున్నవారికీ ఉంది. దిలీప్ వర్సెస్ సతీష్ కేసులో 2022లో సుప్రీంకోర్టు కరెంటు ప్రాథమిక వసతి అని, యజమాని నిరభ్యంతర పత్రం ఇవ్వలేదన్న సాకుతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించరాదని చెప్పింది.

మరమ్మతు పేరుతో ఖాళీ చేయించడం

ఇంట్లో మనుషులుండగా చేయలేని మరమ్మతులు కొన్ని ఉంటాయి. అప్పుడు యజమాని 1960 చట్టం 12వ సెక్షన్ కింద కంట్రోలర్‌ను ఆశ్రయించి ఇంటిని తాత్కాలికంగా స్వాధీనం చేయమని కోరవచ్చు. పని పూర్తయ్యాక అదే కిరాయిదారుకు తిరిగి ఇస్తానని యజమాని హామీ రాసివ్వాలి. ఇందుకు గడువు 3 నెలలు, అవసరమైతే కంట్రోలర్ పొడిగించవచ్చు. ఈ హామీ లేకుండా ఉత్తర్వు ఇవ్వకూడదు. కాబట్టి “రిపేరు ఉంది, రేపటికల్లా ఖాళీ చేయి” అన్న మాటకు చట్టబలం లేదు.

1960 చట్టం బయటి ఇళ్లలో నెలనెలా సాగే కిరాయిని ముగించడానికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇవ్వాలి. నోటీసు గడువు ముగిసినా కిరాయిదారు వెళ్లకపోతే యజమాని కోర్టుకు వెళ్లాలి. సామాను బయటపడేయడానికి, తాళం మార్చడానికి వీల్లేదు. అలా బలవంతంగా వెళ్లగొడితే 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద 6 నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

కూలే స్థితిలో ఉన్న ఇళ్లు

2013 జూలై 8న సికింద్రాబాద్‌లో సిటీ లైట్ హోటల్ నడుస్తున్న పాత భవనం కూలి పది మందికి పైగా చనిపోయారు. 2020 అక్టోబరు 13 రాత్రి కుండపోత వానకు హైదరాబాద్ పాతబస్తీ వైపు గోడ కూలి ఇళ్ల మీద పడి, నిద్రపోతున్నవారు ప్రాణాలు కోల్పోయారు. వానాకాలం వచ్చిందంటే తెలంగాణ పల్లెల్లో, పట్టణాల్లో మట్టి గోడలు కూలిన వార్తలు వింటూనే ఉంటాం.

ప్రాణాపాయం ఉన్నచోట కిరాయి వివాదం తేలేదాకా ఆగనవసరం లేదు. శిథిల భవనాలను ఖాళీ చేయించి, బాగుచేయమని గానీ కూల్చమని గానీ ఆదేశించే అధికారం మున్సిపల్ యంత్రాంగానికి ఉంది. పరిగిలో మున్సిపల్ కమిషనర్‌కు ఫొటోలతో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. కూలితే దారినపోయేవారికి, చుట్టుపక్కలవారికి ప్రమాదమైన కట్టడాన్ని తొలగించమని, బాగుచేయమని, ఆసరా పెట్టించమని ఆదేశించే అధికారం 2023 నాటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆర్డీవో వంటి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు ఉంది. మరమ్మతు చేసేటప్పుడు, కూల్చేటప్పుడు మనుషుల ప్రాణాలకు తగిన జాగ్రత్త తీసుకోకపోవడం భారతీయ న్యాయ సంహిత 290వ సెక్షన్ కింద నేరం.

ఇల్లు కూల్చేస్తే కిరాయి హక్కు పోతుందేమోనని భయపడి చాలామంది ప్రమాదకరమైన ఇళ్లలోనే ఉండిపోతారు. మహారాష్ట్రకు చెందిన షాహా రతన్‌సీ ఖీమ్‌జీ కేసులో 2014లో సుప్రీంకోర్టు ఈ భయాన్ని చాలావరకు తీర్చింది. మున్సిపల్ అధికారులు భవనాన్ని కూల్చినంత మాత్రాన కిరాయి హక్కు అంతరించదని ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. ఇక అగ్నిప్రమాదం, తుపాను, వరద వంటి వాటివల్ల ఇంట్లో ముఖ్యమైన భాగం పూర్తిగా నాశనమైనా, శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, ఆ లీజు చెల్లదని ప్రకటించి బయటపడే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ఇ క్లాజు కింద కిరాయిదారుకు ఉంది.

ఒప్పంద పత్రం

ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. స్టాంపు కాగితం మీద అచ్చు నమూనా దింపి, పేర్లు, కిరాయి, అడ్వాన్సు మాత్రం నింపి సంతకాలు పెట్టడం పరిపాటి. ఆ నమూనాల్లో “ఇంటిని మంచి స్థితిలో తిరిగి అప్పగించాలి” అని కిరాయిదారు బాధ్యత ఉంటుంది, యజమాని మరమ్మతు బాధ్యత తరచూ కనిపించదు.

ఒప్పందంలో తప్పక ఉండాల్సినవి ఇవి: కట్టడం, పైకప్పు, పైపులు, వైరింగు, సెప్టిక్ ట్యాంకు మరమ్మతు ఎవరిది, లోపం తెలిపాక ఎన్ని రోజుల్లో పని మొదలవ్వాలి, కాకపోతే కిరాయిదారు ఎంతవరకు ఖర్చు పెట్టి మినహాయించుకోవచ్చు, అడ్వాన్సు ఎప్పుడు, ఏ తగ్గింపులతో తిరిగివ్వాలి. వీటితో పాటు చేరే రోజున ఇంటి స్థితిని రాసి ఇద్దరూ సంతకం చేసిన జాబితా జతచేయాలి. ఏ గోడకు పగులుంది, ఏ నల్లా కారుతోంది, ఎన్ని ఫ్యాన్లు, స్విచ్చులు పనిచేస్తున్నాయి అని అందులో ఉంటే, ఖాళీ చేసే రోజున అడ్వాన్సు మీద గొడవ ఉండదు. ఇల్లు చూడటానికి పగలు వెళ్లాలి, వీలైతే వాన పడిన మర్నాడు వెళ్లాలి. కొత్త రంగు వాసన వస్తున్న గదిలో అలమారా వెనుక, కిటికీల పైన, గోడల అడుగున చెయ్యి పెట్టి చూస్తే చెమ్మ తెలిసిపోతుంది.

నమూనా కిరాయిదారీ చట్టం

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా కిరాయిదారీ చట్టాన్ని ఆమోదించి, రాష్ట్రాలు తమ చట్టాలను దీనికి అనుగుణంగా మార్చుకోవాలని సూచించింది. మరమ్మతులను ఇది రెండు పట్టీలుగా విభజించింది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడల సున్నం, తలుపులు కిటికీల రంగు, పైపుల మార్పు, లోపలి బయటి వైరింగు యజమానివి. నల్లాల వాషర్లు, మోరీ శుభ్రం, స్విచ్చులు సాకెట్లు, గీజరు, తాళాలు గడియలు, కిటికీ అద్దాలు కిరాయిదారువి.

యజమాని తన వంతు చేయించకపోతే కిరాయిదారు చేయించుకుని, ఏ నెలలోనూ కిరాయిలో సగానికి మించకుండా మినహాయించుకోవచ్చు. మరమ్మతు లేక ఇల్లు నివాసానికి పనికిరాని స్థితికి చేరితే 15 రోజుల నోటీసుతో వదిలిపోవచ్చు. నివాస గృహాలకు డిపాజిట్ 2 నెలల కిరాయికి మించకూడదు. ఇంట్లోకి రావాలంటే యజమాని 24 గంటల ముందు తెలపాలి. ఆంధ్రప్రదేశ్ 2017లోనే కొత్త కిరాయి చట్టం చేసుకుంది. తెలంగాణలో 1960 చట్టమే నడుస్తోంది. నమూనా చట్టం ఇక్కడ కోర్టుల్లో నేరుగా అమలు కాకపోయినా, దాని రెండు పట్టీలను ఒప్పందంలో ఎత్తి రాసుకోవడానికి ఏ అడ్డంకీ లేదు. రాసుకుంటే అవే చెల్లుబాటయ్యే షరతులు అవుతాయి.

ఇతర దేశాల్లో

అమెరికాలో 1970 నాటి జావిన్స్ తీర్పు, కిరాయి ఒప్పందంలో రాసినా రాయకపోయినా ఇల్లు నివాసయోగ్యంగా ఉంటుందన్న హామీ ఇమిడి ఉంటుందని చెప్పింది. ఆ సూత్రం తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. ఇంగ్లండ్‌లో 1985 చట్టం 11వ సెక్షన్ కట్టడం, పైపులు, వేడినీటి ఏర్పాట్ల మరమ్మతును యజమాని మీదే పెట్టింది. 2019 మార్చి నుంచి ఇల్లు నివాసయోగ్యంగా లేకపోతే కిరాయిదారు నేరుగా కోర్టుకు వెళ్లవచ్చు. అక్కడి రోచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాలుడు ఇంటి గోడల బూజు కారణంగా చనిపోయాడు. ఆ విషాదం తర్వాత సామాజిక గృహాల యజమానులు నిర్ణీత గడువుల్లో లోపాలు సరిదిద్దాలన్న నిబంధన ఆ బాబు పేరుతోనే వచ్చింది. చదువుకో, ఉద్యోగానికో ఆ దేశాలకు వెళ్లి కిరాయికి ఉంటున్న తెలుగువారికీ, వారుండే చోటును, ఇంటి రకాన్ని బట్టి, ఈ రక్షణలు వర్తించవచ్చు.

న్యాయ సహాయం

1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం కింద మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు, విపత్తు బాధితులు, తక్కువ ఆదాయం ఉన్నవారు ఉచితంగా వకీలును పొందవచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ నంబరు 15100. కేసు వేయకముందే లోక్ అదాలత్ ద్వారా రాజీ కుదుర్చుకునే వీలుంది. యజమాని, కిరాయిదారు ఒకే వీధిలో, చాలాసార్లు ఒకే గోడకు అటూ ఇటూ ఉండే చిన్న పట్టణాల్లో ఇది తరచూ అందరికీ మేలైన మార్గం. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది.

అంచనా

పరిగి ప్రాంతపు కిరాయిదారుకు నేడున్న రక్షణలో రెండు పెద్ద లోట్లు ఉన్నాయి. 1882 చట్టం ఇంటిని నివాసయోగ్యంగా ఉంచే బాధ్యతను యజమాని మీద సూటిగా పెట్టలేదు. 1960 చట్టం ఆ లోటును కొంత పూడ్చినా, 2,000 రూపాయల పరిమితి వల్ల దాని నీడ ఎక్కువ ఇళ్ల మీద పడటం లేదు. మోటార్ జనరల్ ట్రేడర్స్ తీర్పు తప్పుపట్టిన అసమానతే ఇప్పుడు కిరాయి మొత్తం రూపంలో తిరిగి వచ్చింది. కిరాయి ఎంతైనా ప్రతి నివాస గృహానికీ వర్తించే మరమ్మతు పట్టీ, పని మొదలుపెట్టాల్సిన గడువు, వెంటనే వినే చిన్న న్యాయ వేదిక తెలంగాణకు అవసరం. ఆ చట్టం వచ్చేదాకా అడ్వాన్సు చేతికిచ్చే ముందే మరమ్మతు షరతు రాయించుకోండి, లోపాన్ని కాగితం మీద తెలపండి, కిరాయి ఆపకండి. పైకప్పు ప్రమాదంగా కనిపిస్తే ముందు పిల్లలను, పెద్దలను అక్కడి నుంచి తరలించి, ఆ తర్వాతే హక్కుల కోసం నిలబడండి.